వల గుండు – ఇంటి గండం



ఏటా ఏప్రిల్ 15 రాగానే మా కావలి తీరంలో బోట్లు ఒడ్డెక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి జూన్ 14 దాకా, అంటే 61 రోజులు, తూర్పు తీరమంతటా మరబోట్ల వేట నిషేధం. తుమ్మలపెంటకు పోయినా, జువ్వలదిన్నెకు పోయినా ఆ రోజుల్లో ఒకటే దృశ్యం. సరుగుడు చెట్ల నీడన వలలు పరిచి మగవాళ్లు కూర్చుని ఉంటారు. తెగిన కన్నులు అల్లుతుంటారు. పైతాడుకు బెండ్లు, అడుగుతాడుకు గుండ్లు సరిచూసుకుంటుంటారు. వేట లేని రెండు నెలలూ వలకు వైద్యం చేసే కాలం.

ఆ వైద్యంలో ఒక పనిని గురించి ఈ పూట మీతో మాట్లాడాలి. అది సీసం కరిగించి గుండ్లు పోయడం. ఇప్పుడు చాలామంది అంగట్లో తయారుగా దొరికే గుండ్లే కొంటున్నారు. అయినా పాత సీసం చేతిలో ఉన్నవాడు పొయ్యి వెలిగించి తానే పోసుకోవడం ఇంకా ఉంది.

నా చిన్నప్పుడు మా మేనమామ ఇంట్లో ఆ పని దగ్గరుండి చూశాను. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, దాని మీద అడుగు మసిబారిన ఇనుప మూకుడు. అందులో చితికిపోయిన పాత గుండ్లు, ఎక్కడో దొరికిన సీసపు పైపు ముక్కలు, లారీ చక్రాలకు తగిలించే బరువు బిళ్లలు వేసేవాడు. కాసేపటికి బూడిదరంగు ముద్దల కింద ఒక మెరుపు కదిలేది. చూస్తుండగానే మూకుడంతా అద్దమయ్యేది. వంగి చూస్తే మన ముఖం కనిపించేది. మామ చిట్టిగరిటెతో పైన తేలిన చిట్టెం తీసి పక్కన నేలమీద కొట్టి, రెండు రెక్కల ఇనుప అచ్చులోకి సన్నటి ధార పోసేవాడు. పది అంకెలు లెక్కపెట్టి అచ్చు విప్పితే నడుమ బెజ్జంతో తళతళలాడే గుండు టక్కున రాలేది. పిల్లలం దాని చుట్టూ మూగేవాళ్లం. చల్లారిందో లేదో కూడా చూడకుండా చేతుల్లోకి తీసుకునేవాళ్లం. నాలుగు గుండ్లు దొరికితే గోలీలాట మొదలు. మా చిన్న మరదలికి అప్పుడు రెండేళ్లు ఉంటాయేమో. ఆమె నోట్లో ఎప్పుడూ ఒక గుండు ఉండేది. పళ్లు వచ్చే పిల్ల ఏదో ఒకటి కొరుకుతుందిలే అనుకునేవాళ్లు పెద్దవాళ్లు.

ఆ మాట ఇవాళ తలచుకుంటే నాకు కడుపులో చేయి పెట్టి తిప్పినట్టవుతుంది. ఎందుకో చెప్పడానికే ఈ ప్రసంగం.

ముందు సీసం సంగతి చెప్పుకుందాం. మన చేతికి ఇంతగా లొంగే లోహాలు అరుదు. ఇనుము కరగాలంటే 1,538 డిగ్రీలు కావాలి. సీసానికి 327 డిగ్రీలు చాలు. అంటే సరుగుడు కట్టెల మంట సరిపోతుంది. కొలిమి అక్కరలేదు, తిత్తి అక్కరలేదు. గోటితో గీస్తే గీత పడుతుంది. సుత్తితో కొడితే పరుచుకుంటుంది. ఇక బరువు చూడండి. లీటరు చెంబులో నీళ్లు పోస్తే ఒక కిలో. అదే చెంబు నిండా ఇనుమైతే దాదాపు 8 కిలోలు. సీసమైతే 11 కిలోలు దాటుతుంది. చిన్న గుండుతోనే వల అడుగుకు దిగుతుంది, ఉప్పునీళ్లలో ఇనుములాగా తుప్పు పట్టి రాలిపోదు. జాలరి దాన్ని ఎంచుకున్నాడంటే తెలివితోనే ఎంచుకున్నాడు. అందులో తప్పు లేదు.

ఈ లోహానికీ మన తీరానికీ ఉన్న బంధం ఈనాటిది కూడా కాదు. శాతవాహన రాజులు సీసంతో నాణేలు పోయించారు. వాటిలో రెండు తెరచాపల కొయ్యలున్న ఓడ బొమ్మ వేసినవి ఈ కోరమండల తీరంలోనే దొరికాయి. దాదాపు రెండు వేల ఏళ్ల కిందట మన సముద్రం బొమ్మ సీసం మీదే అచ్చయిందన్నమాట. తర్వాత మన అక్షరం కూడా దాని మీదే నిలబడింది. నెల్లూరు సీమ నుంచి వెళ్లిన వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టారు. ఆ కాలం నుంచి కంప్యూటర్లు వచ్చేదాకా తెలుగు పుస్తకాలు అచ్చువేసిన అక్షరాల దిమ్మలు సీసంలో తగరం, ఆంటిమొని కలిపి పోత పోసినవే. కుళాయి పాడైతే మనం పిలిచే ప్లంబర్ పేరు కూడా ఇందులోంచే పుట్టింది. లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు. ఒకప్పుడు నీటి గొట్టాలు దానితోనే చేసేవాళ్లు కాబట్టి ఆ పని చేసేవాడికి ఆ పేరు వచ్చింది.

ఇక గుండు అన్న మాట చూడండి. వలకు కట్టేదీ గుండే, తుపాకిలో పెట్టేదీ గుండే. మన భాష ఊరికే ఒక మాటతో రెండింటినీ పిలవలేదు. లోహం ఒకటే, చేసే తీరూ ఒకటే. పాతకాలం తుపాకి ఉన్న వేటగాడు కూడా ఇలాగే సీసం కరిగించి రెండు రెక్కల అచ్చులో పోసుకునేవాడు. 1782లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో విలియం వాట్స్ అనే సీసపు పనివాడు ఇంకో ఉపాయం కనిపెట్టాడు. కరిగిన సీసాన్ని ఎత్తైన చోటునుంచి జల్లెడ గుండా కిందనున్న నీళ్లలోకి రాల్చాడు. చినుకు లాగా పడుతూ పడుతూ ప్రతి బొట్టూ గుండ్రంగా గట్టిపడింది. వేట తుపాకుల్లో వాడే రవ్వ గుండ్లు అలా తయారయ్యాయి.

మన దేశంలో తూటా సొంతంగా తయారు చేయడం లైసెన్సు లేనివాడికి పెద్ద నేరం. 1959 ఆయుధాల చట్టం ఆ మాట చెప్పింది. 2019లో దాన్ని సవరించి ఏడేళ్ల నుంచి యావజ్జీవం దాకా శిక్ష పెట్టారు. అమెరికా లాంటి దేశాల్లో చట్టం ఒప్పుకుంటుంది. అక్కడ పెద్ద గొట్టం రివాల్వర్లతో గురి చూసి కొట్టే ఆటగాళ్లు కొందరు తమ గుండ్లు తామే పోసుకుంటారు. వాళ్లకు ఒక పెద్ద సూత్రం ఉంది, మితం. సీసం మెత్తన కాబట్టి గుండును మరీ వేగంగా తోస్తే అది గొట్టం లోపల పూతలా అంటుకుని గురి చెడగొడుతుంది. అందుకే వాళ్లు నెమ్మదైన వేగంతో సరిపెట్టుకుంటారు.

ఆ ఆట మనది కాదు, మనకు అక్కర్లేదు. కానీ ఆ పోతపనివాళ్లు ఏళ్ల తరబడి నేర్చుకున్న ఇంకో విషయం మనకు కావాలి. వాళ్లలో తెలిసినవాడు వంటింట్లో సీసం కరిగించడు. వంట గిన్నెలో అసలే కరిగించడు. గాలి ఆడే చోట పొయ్యి పెట్టుకుంటాడు. చేతికి తొడుగు, కంటికి అద్దాలు వేసుకుంటాడు. పని మధ్యలో నీళ్లు తాగడు, చిరుతిండి తినడు, సిగరెట్టు ముట్టడు. పని అయ్యాక చేతులు సబ్బుతో తోముకుని, బట్టలు విడిగా ఉతుక్కుని, ఆ తర్వాతే ఇంటి పిల్లను ఎత్తుకుంటాడు. ఆట కోసం పోసుకునేవాడికి ఇంత జాగ్రత్త ఉంటే, కూటి కోసం పోసుకునే మనవాడికి ఎంత ఉండాలి?

అసలు ప్రమాదం ఎక్కడుందో విడమరచి చెబుతాను. అది రెండు రకాలు. ఒకటి అప్పటికప్పుడు కనిపించేది. రెండోది కనిపించనిది.

కనిపించేది నీళ్లు. కరిగిన సీసంలో ఒక్క తడి ముక్క పడిందంటే దానిలోని నీటిబొట్టు క్షణంలో ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు ఉబ్బుతుంది. సీసం అడుగున ఇరుక్కున్న ఆ ఆవిరి పైనున్న లోహాన్నంతా ఎగజిమ్ముతుంది. మా మామకు అదే జరిగింది. సముద్రం నుంచి తెచ్చిన పాత గుండ్లు పైకి ఆరినట్టే ఉన్నాయి. బెజ్జాల్లో మాత్రం తడి ఇసుక ఉంది. మూకుట్లో వేయగానే టపాకాయ పేలినట్టు ఒక చప్పుడు. మామ మోచేయి నుంచి మణికట్టు దాకా వెండి చుక్కలు అంటుకున్నాయి. అవి పీకితే కింద చర్మం లేచి వచ్చింది. కన్ను తప్పింది, అదే అదృష్టం. ఆ మచ్చలు ఇప్పటికీ ఆయన చేతిమీద ఉన్నాయి.

కనిపించని ప్రమాదం ఇంకా పెద్దది. మన పెద్దలు సీసానికి నాగం అని ఇంకో పేరు పెట్టారు. నాగమంటే పాము కూడా. పాము కరిస్తే గంటలో తెలుస్తుంది. ఈ నాగం కరిస్తే ఏళ్లు గడిచినా తెలియదు.

చాలామంది పొగ పీలిస్తేనే ప్రమాదం అనుకుంటారు. మంట పెంచి సీసాన్ని మరీ కాచితే పొగ ముప్పు నిజమే. అందుకే కరిగేంత వేడి చాలు, ఎర్రబడేదాకా కాచకూడదు. కానీ ఎక్కువ ఇళ్లలో సీసం లోపలికి పోయే దారి ముక్కు కాదు, నోరు. మామ గరిటెతో తీసి నేలమీద కొట్టిన చిట్టెం గుర్తుందా? అది ఎండితే పొడి అవుతుంది. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తన. అత్త పొద్దున చీపురుతో ఊడిస్తే అది లేచి చాప మీద, నీళ్ల బిందె మీద, ఆరేసిన నెత్తళ్ల మీద వాలుతుంది. మామ లుంగీకి అంటుకుని పడకలోకి వస్తుంది. పాకే పిల్ల చేయి నేలమీద పెడుతుంది, ఆ చేయి నోట్లో పెడుతుంది. వలకు గుండు బిగించేటప్పుడు పంటితో నొక్కే అలవాటు కొందరికి ఉంది. అది నేరుగా నాలుక మీద రాసుకున్నట్టే.

ఒంట్లోకి పోయాక సీసం ఏం చేస్తుందంటే, సున్నం వేషం కట్టుకుంటుంది. ఎముకకు, నరానికి కావలసిన కాల్షియం అనుకుని ఒళ్లు దాన్ని లోపలికి రానిస్తుంది. ఎముకల్లో చేరి దశాబ్దాల పాటు కూర్చుంటుంది. రక్తం పట్టనివ్వదు, మెదడు ఎదుగుదలకు అడ్డుపడుతుంది. మింగిన సీసంలో పెద్దవాళ్ల ఒంటికి పట్టేదానికంటే పసిపిల్లల ఒంటికి నాలుగైదు రెట్లు ఎక్కువ పడుతుంది. ఇంకో ఘోరం ఉంది. చిన్నప్పుడు ఎముకల్లో చేరిన సీసం, ఆ పిల్ల పెద్దదై కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ రక్తంలోకి వచ్చి కడుపులోని బిడ్డను చేరుతుంది. ఒకనాటి పొయ్యి రెండు తరాలను కాలుస్తుంది.

బయటికి ఏం కనిపిస్తుందంటే, చాలాసార్లు ఏమీ కనిపించదు. ఎక్కువైతే కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం, పాలిపోవడం, చీటికీ మాటికీ చిరాకు. పిల్లవాడు బడిలో మందకొడిగా ఉంటే వీడికి చదువు అబ్బలేదులే అంటాం. వాడి తలరాతను తిడతాం. తప్పు తలరాతది కాకపోవచ్చు. ఈ మధ్యకాలపు లెక్క ఒకటి చెబుతాను. యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు 2020లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంది. ఆ పిల్లలు దాదాపు 80 కోట్ల మంది. అందులో మన దేశం పిల్లలే 27 కోట్లకు పైగా. ఆ 5 మైక్రోగ్రాముల దగ్గరే, సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకు తక్కువ ఉంటే భయం లేదని మాత్రం చెప్పలేదు. ఇంతవరకు పరవాలేదు అనదగిన మోతాదు సీసానికి లేనే లేదంది.

మనలాంటి ఊరి కథే ఒకటి చెబుతాను, వినండి. ఆఫ్రికాలో సెనెగల్ దేశం. దాని రాజధాని డాకార్ పక్కన సముద్రపొడ్డున తియారోయ్ అనే ఊరుంది. చేపలు పట్టి బతికే ఊరు. అక్కడ కమ్మరులు ఏళ్ల తరబడి పాత కారు బ్యాటరీలు పగలగొట్టి, అందులోని సీసం కరిగించి వలలకు గుండ్లు పోసేవాళ్లు. ఆ చెత్త, ఆ పొడి ఊరి ఇసుకలో కలుస్తూ వచ్చింది. కొన్నేళ్లకు లోకంలో సీసం ధర పెరిగింది. ఇసుకలో కలిసిన సీసాన్ని కొనేవాళ్లు వచ్చారు. ఆడవాళ్లు బిడ్డలను వీపున కట్టుకుని ఆ ఇసుక జల్లెడ పట్టారు, మూటలు ఇళ్లలో పెట్టుకున్నారు. 2007 నవంబరు నుంచి 2008 మార్చి లోపల ఆ ఊళ్లో 18 మంది పిల్లలు చనిపోయారు. ఫిట్స్ వచ్చి, తెలివి తప్పి పోయారు. మొదట ఎవరికీ కారణం అంతుబట్టలేదు. తోబుట్టువులకూ తల్లులకూ ఇరుగుపొరుగుకూ రక్తపరీక్ష చేస్తే, చూసిన 81 మందిలోనూ సీసం విషమే ఉంది.

వాళ్లెవరూ దుర్మార్గులు కారు. మనలాగే వల కోసం, కూటి కోసం పని చేసినవాళ్లు. కాబట్టి తుమ్మలపెంట నుంచి ఇస్కపల్లి దాకా, అటు రామాయపట్నం దాకా ఉన్న ప్రతి ఇంటికీ నేను గట్టిగా చెప్పదలచిన మొదటి మాట ఇది. బ్యాటరీని పగలగొట్టవద్దు. దానిలో సీసం ఒక్కటే కాదు, యాసిడ్ ఉంటుంది, ఒళ్లు చెరిపే పొడి ఉంటుంది. పాత బ్యాటరీని దుకాణంలో ఇస్తే కొత్తదాని ధరలో తగ్గిస్తారు. దాన్ని వెనక్కి తీసుకుని సరిగా శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదేనని 2022 నిబంధనలు చెబుతున్నాయి. ఇంటి పెరడు దానికి చోటు కాదు.

రెండో మాట. వీలైతే సీసం పోయడమే మానండి. తయారైన గుండ్లు కొనుక్కోండి. సీసం లేనివి దొరికితే ఇంకా మేలు. ఇంగ్లండులో గాలాలకు కట్టిన చిన్న సీసపు గుండ్లను మింగి హంసలు చచ్చిపోతున్నాయని 1987లో అలాంటి గుండ్లనే నిషేధించారు. హంసల కోసం వాళ్లు అంత చేశారు. మన దేశం కూడా చేయలేనిది కాదు. 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు దేశమంతా మానేశాం. బండ్లేమీ ఆగిపోలేదు.

మూడో మాట. తప్పనిసరై పోసుకుంటే పొయ్యి ఇంటికి దూరంగా, గాలివాలు చూసుకుని పెట్టండి. పిల్లలను, కడుపుతో ఉన్న ఆడబిడ్డలను ఆ దరిదాపులకు రానివ్వకండి. పాత గుండ్లు ఒకటి రెండు రోజులు ఎండలో బాగా ఎండనిచ్చి, బెజ్జాల్లో ఇసుక దులిపి, ఖాళీ మూకుట్లోనే ముందు వేసి వేడెక్కనివ్వండి. కరిగిన సీసంలో కొత్త ముక్క విసరకండి. ఆ మూకుడు, ఆ గరిటె మళ్లీ ఏ వంటకూ వాడకండి. చిట్టెం నేలమీద కొట్టకుండా మూత ఉన్న డబ్బాలో వేయండి. పని చేసిన చోట పొడి చీపురు పెట్టకండి, తడిగుడ్డతో తుడవండి. చేతులు సబ్బుతో కడగండి, లుంగీ మార్చండి, ఆ తర్వాతే గడప తొక్కండి.

నాలుగో మాట తల్లులకు. ఇనుము, కాల్షియం చాలని ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది. రాగి సంకటి, మునగాకు, ముల్లుతో సహా నమిలే నెత్తళ్లు, ఇవన్నీ మన ఇళ్లలో ఉన్నవే. పిల్లలకు వేళకు పెట్టండి. ఇంట్లో సీసం పని జరిగి, పిల్లవాడు పాలిపోయి మందకొడిగా ఉంటే డాక్టరు దగ్గర ఆ సంగతి నోరు విప్పి చెప్పండి. మా ఇంట్లో సీసం కరిగిస్తాం అన్న ఒక్క ముక్క మీరు చెబితేనే ఆయనకు రక్తపరీక్ష రాయాలని తోస్తుంది.

మన తీరపు ఊళ్లకు ఒక బలం ఉంది. దురాయి. ఊరి పెద్దలైన కాపులు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారంటే ఊరు ఊరంతా నిలబడుతుంది. ఫలానా రోజు వేటకు పోకూడదంటే ఒక్క తెప్ప కదలదు. ఈ నిషేధ కాలంలో పెద్దలు ఒక్కసారి కూర్చుని, ఇళ్ల మధ్య సీసం పొయ్యి వెలగకూడదు అని దురాయి పెడితే, దానికోసం ఊరి బయట ఒక చోటు చూపిస్తే, ఏ చట్టమూ ఏ అధికారీ చేయలేని మేలు జరుగుతుంది. పిల్లల తరఫున పెద్దలకు నేను చేతులు జోడించి అడిగేది ఇదే.

ఈ సంగతులన్నీ మామకు చెప్పిన మొదటిసారి ఆయన నవ్వాడు. "ఏం కాదులేరా అబ్బయ్యా, మా నాయన కాలం నుంచీ పోస్తానే ఉండాం" అన్నాడు. నేను వాదించలేదు. తియారోయ్ పిల్లల సంగతి చెప్పాను. పద్దెనిమిది మంది అన్నప్పుడు ఆయన చేతిలో వల ఆగింది. "అందరూ పసోళ్లేనా?" అని అడిగాడు. అవునన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

ఆ మరుసటి ఏడు వేట ఆగిన రోజుల్లో మళ్లీ పోయాను. పెరట్లో మూడు రాళ్లు లేవు. ఊరి బయట సరుగుడు తోపు అవతల, గాలివాటుకు పెట్టుకున్నాడు పొయ్యి. సాయంత్రం తిరిగి వచ్చేసరికి మనవరాలు పరుగెత్తుకుంటూ ఎదురువచ్చింది. "ఉండమ్మా, ఉండు, నన్ను తాకబాక" అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బోరింగు దగ్గర కూర్చుని మోచేతుల దాకా సబ్బు రుద్దుకున్నాడు. ఆ పాత మచ్చల మీద కూడా రుద్దుకున్నాడు. అత్త అందించిన ఉతికిన లుంగీ కట్టుకున్నాడు. అప్పుడు వంగి పిల్లను ఎత్తుకున్నాడు.